క్యాష్ కౌంటర్లో చదివింపులు

ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఒక రెస్టారెంటులో పదమూడేళ్ళుగా క్యాష్ కౌంటర్ మీద కూర్చుంటున్నాను. రెస్టారెంటు పేరు చెప్పను, మా ఓనరుకు కోపం ఎక్కువ. నా పేరు పట్టాభి. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. నాకూ కోపం ఎక్కువే, కానీ నా కోపానికి జీతం పెరగదు కాబట్టి లోపలే ఉంచుకుంటాను.

బిల్లు కట్టలేనివాళ్ళు నాకు కొత్త కాదు. చివరి ముద్దలో వెంట్రుక దొరికేవాళ్ళు, ఫోన్లో గట్టిగా మాట్లాడుతూ మెట్లు దిగిపోయేవాళ్ళు, సర్వర్ డౌన్ అంటే ఏమిటో నాకే పాఠం చెప్పేవాళ్ళు, అందరినీ చూశాను. భోంచేసి, తిరిగి మాకే డబ్బు చదివించబోయి, ఆఖరికి బిల్లు కట్టలేకపోయిన మనిషిని మాత్రం ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు బక్కయ్య. ఆయన గురించి నాకు తెలిసినదంతా చెబుతాను, ఎందుకంటే రెండేళ్ళుగా ఆయన నన్ను ఊపిరి తీసుకోనివ్వడం లేదు.

బక్కయ్యది నల్గొండ జిల్లా, మునుగోడు పక్కన ఊరు. ఇరవయ్యేళ్ళ వయసులో పాత పండ్ల మార్కెట్‌కు హమాలీగా వచ్చాడు. బత్తాయి సంచులు, మామిడి పెట్టెలు మోసీ మోసీ మోకాళ్ళు అరగదీసుకున్నాడు. మార్కెట్ ఊరి బయట బాటసింగారం వెళ్ళిపోతే ఆయనా దాని వెనకే వెళ్ళిపోయాడు. ఇప్పుడు గేటు దగ్గర కూర్చుని లారీలకు చీటీలు ఇస్తాడు. భార్య పోయింది. ఉన్న ఒక్క కూతురు సంతోషికి 2012లో పెళ్ళి చేశాడు. ఆయన బతుకంతా ఆ పెళ్ళి నోట్‌బుక్కులోనే ఉంది.

అంటే చదివింపుల పుస్తకం. ఇక్కడివాళ్ళు దీన్ని కట్నం రాయించడం అంటారు. పెళ్ళికి వచ్చినవాళ్ళు భోంచేసి, టేబుల్ వేసుకుని కూర్చున్న మనిషికి డబ్బిచ్చి, పేరూ ఊరూ ఎంతిచ్చిందీ రాయిస్తారు. రేపు వాళ్ళింట్లో ఏదైనా కార్యం జరిగితే మనం అంతకు కొంత కలిపి అక్కడ రాయించాలి. కార్యం లేకుండా ఊరికే వెళ్ళి చేతిలో పెడితే చెల్లదు, పైగా అవమానం. సంతోషి పెళ్ళి పుస్తకంలో నూట నలభై మూడు పేర్లున్నాయి. బక్కయ్య పదకొండేళ్ళలో నూట నలభై రెండు తీర్చి కొట్టేశాడు. మిగిలింది ఒకటే, సుందరయ్య, రెండు వేలు.

సుందరయ్య కూడా హమాలీయే, బక్కయ్యతో పాటు ఒకే లారీ దించినవాడు. 2012లో రెండు వేలంటే ఆయనకు రెండు నెలల ఇంటి కిరాయి. పుస్తకంలో అదే పెద్ద అంకె. అదే తీరలేదు, ఎందుకంటే సుందరయ్య ఇంట్లో ఫంక్షనే జరగలేదు. బక్కయ్య వదల్లేదు. నెలకోసారి వనస్థలిపురం వెళ్ళి, సుందరయ్య మూటలు మానేసి వాచ్‌మన్‌గా ఉండే అపార్ట్‌మెంటు ముందు కూర్చుని అడిగేవాడు.

"బిడ్డ పెద్దమనిషైతే ఫంక్షన్ చెయ్యకపోతివి. మరి ఏం చేస్తరు మీ చర్చిల?"

"ప్రార్థన చేస్తం బక్కన్నా."

"ప్రార్థనకు కట్నం రాస్తరా?"

"రాయరు."

"గదేం ప్రార్థన మల్ల," అని విసుక్కుని, టీ తాగి వచ్చేసేవాడట.

ఎట్టకేలకు రెండేళ్ళ కిందట, మే నెలలో ఒక ఆదివారం, సుందరయ్య కూతురు బ్లెస్సీ పెళ్ళి భోజనాలు పెట్టుకున్నారు. మా బిల్డింగులోనే. కింద మా రెస్టారెంటు, మూడో అంతస్తులో వేరేవాళ్ళ ఫంక్షన్ హాలు. కార్డులో బిల్డింగు పేరు పెద్దక్షరాల్లో, మూడో అంతస్తు అన్న మాట చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. బక్కయ్య పెద్దక్షరాలు చదివి ఆగిపోయాడు. అక్కడ మొదలైంది నా ఖర్మ.

ఆయన కొత్త తెల్ల చొక్కా, పంచె కట్టుకుని పన్నెండున్నరకు వచ్చాడు. గుమ్మం దగ్గర మా సైదులు పగిడీ, మీసాలు పెట్టుకుని, వచ్చిన ప్రతివాడికీ వంగి దండం పెడతాడు. బక్కయ్య ఆయన్ను పెళ్ళికొడుకు తరఫు పెద్దమనిషి అనుకున్నాడు.

"ఏ ఊరు బావా మీది?"

"సూర్యాపేట దిక్కు."

"గంత దూరం కెళ్ళి ఒచ్చిన్రా," అని కౌగిలించుకున్నాడు. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలో సైదుల్ని ఎవరూ కౌగిలించుకోలేదు. పాపం కదిలిపోయి, తనే లోపలికి తీసుకొచ్చి, ఏసీ కింద రెండో నంబరు టేబుల్ దగ్గర కూర్చోబెట్టాడు.

మా సప్లయర్ తిరుపతి, ముగ్గురు పిల్లల తండ్రి, వచ్చి ఏం కావాలని అడిగాడు. "ఏది ఒండిన్రో గది పెట్టు బిడ్డా, నాకు వంకల్లేవు," అన్నాడు బక్కయ్య. ఏం కావాలో చెప్పని కస్టమర్‌కు ఖరీదైనదే తేవాలని మా మేనేజర్ ప్రేమ్ కుమార్ రూలు. నాటుకోడి, బిర్యానీ, చేప వరసగా వచ్చాయి. చుట్టూ ఒక్క తెలిసిన ముఖం లేకపోయినా బక్కయ్యకు అనుమానం రాలేదు. అందరూ పెళ్ళికొడుకు వైపువాళ్ళని, సుందరయ్య ఇంకా చర్చి నుంచి రాలేదని సర్దుకున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. పెళ్ళికి పోయి కూర్చుని తిని వచ్చేసేవాడు ఆయన దృష్టిలో మనిషే కాదు. చెయ్యి కడుక్కుని, పెరుగు చట్నీ గిన్నె పట్టుకుని లేచాడు. నాలుగో టేబుల్ దగ్గర ఒక ముసలావిడ కూతురు కుటుంబంతో తింటోంది.

"తింటలేవేంది అక్కా. మొహమాటపడకు, అంత మనోళ్ళే. ఓ బిడ్డా, అక్కకు లెగ్ పీసు ఎయ్యి. పిల్లలకు ఐస్‌క్రీములు తే."

తిరుపతి చెవిలో అడిగాడు. "మీ లెక్కలనేనా కాకా?"

"నా పేరు చెప్పు బిడ్డా. ఎవ్వడు కాదంటడో సూస్త."

తిరుపతి రెండో టేబుల్ మీద రాసేశాడు. ఏడో టేబుల్ దగ్గర ఐదుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకు రెండు ప్లేట్ల చేప వెళ్ళింది. ఎవరో ఏసీ చలిగా ఉందంటే బక్కయ్య తగ్గించమన్నాడు, మావాళ్ళు తగ్గించారు. కిచెన్లోకి వెళ్ళి వంట మాస్టరుకు ఉప్పు గురించి చెప్పి వచ్చాడు. కస్టమర్లు ఆయన్ను ఓనరనుకున్నారు. నేను ఓనరు బంధువనుకున్నాను. ఇంతలో అసలు ఓనరు ఫోన్ చేశాడు. ఆయన ఎక్కడున్నా ఫోన్లో మా కెమెరాలు చూస్తుంటాడు.

"ఆ పంచె కట్టుకున్నాయన ఎవరు పట్టాభి? బాగా చేస్తున్నాడు. మిగతావాళ్ళకు చూసి నేర్చుకోమను," అన్నాడు.

రెండున్నర దాటాక బక్కయ్య నా ముందు వరసలో నిలబడ్డాడు. ఆయన వంతు రాగానే, రూపాయి బిళ్ళ అతికించిన కవరు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"రాసుకో బిడ్డా. బక్కయ్య, బాటసింగారం. రెండువేల ఐదువందలు. జర గట్టిగ సదువు, అందరు ఇనాలె."

"ఏంటండీ ఇది?"

"కట్నం. నా బిడ్డ పెండ్లికి రెండువేలు రాసిండు. ఐదువందలు కలిపిన."

 వెనక పదిమంది ఉన్నారు. రెండో టేబుల్ బిల్లు చేతిలో పెట్టాను. మూడు వేల నాలుగువందల అరవై. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చదివి, నా వైపు కోపంగా చూశాడు.

"గింత రాయమని నీకెవరు చెప్పిన్రు? నేను తెచ్చింది రెండున్నర వేలే. మల్ల రేపు సుందరయ్య మా ఇంట్ల అంత రాయాలెనా?"

"పెద్దాయనా, మీరు మాకు ఇవ్వాల్సింది అది. తిన్నందుకు."

"తిన్నందుకు పైసలు తీస్కుంటరా పెండ్లిల?"

కార్డు ఉందా అని అడిగాను. జేబులోంచి తీశాడు. మూడో అంతస్తు దగ్గర వేలు పెట్టి చూపించాను.  పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"అయితె గిది..."

"హోటలండీ."

"మరి ఆ మీసాలాయన నాకు దండమెందుకు పెట్టిండు?"

"అందరికీ పెడతాడు. జీతమిస్తాం."

ఆయన ముఖం చూసి నాకు నవ్వొచ్చింది. తర్వాత కార్డులో ఇంకో లైను చూశాను. విందు పన్నెండు నుంచి మూడు వరకు. నా తల మీద గడియారంలో రెండూ నలభై అయింది.

బక్కయ్య దగ్గర బస్సుకు పెట్టుకున్న ఎనభై రూపాయలు, బటన్ల ఫోను, ఆ కవరు తప్ప ఏమీ లేవు. కవరులో ఉన్నది ఇవ్వండి, మిగతా సంగతి తర్వాత చూద్దాం అన్నాను. ఆయన కవరును చొక్కా లోపల పెట్టుకుని పైన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"గీ పైసలు నాయి కావు సారూ. కవర్ల పెట్టి బిళ్ళ అతికిచ్చిననాడే సుందరయ్యయి అయిపోయినయ్. పరాయోని పైసలతోని నా బువ్వ బిల్లు ఎట్ల కడత? పదకొండేండ్లు ఎదురుసూసిన. ఇయ్యాల రాయకపోతె ఆని ఇంట్ల మల్ల కార్యం లేదు. ఒక్కతే బిడ్డ."

ప్రేమ్ కుమార్ వచ్చాడు. బిల్లు ప్రింటయిందంటే ఓనరు ఫోనుకు మెసేజ్ వెళ్ళిపోతుంది, రద్దు చేసే అధికారం మాకెవరికీ లేదు. తగ్గే డబ్బు తిరుపతి జీతంలో కోస్తారు.  ఆ లెగ్ పీసు డబ్బులైనా రాబడదామని ప్రేమ్ కుమార్ నాలుగో టేబుల్ దగ్గరికి వెళ్ళాడు.

"పిలిచి పెట్టినోళ్ళు బిల్లు అడుగుతరా?" అంది ముసలావిడ. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు బక్కయ్య వైపు చూపించి, "మీ ఓనరే కదన్నా ఇచ్చింది," అన్నారు.

రెండూ నలభై ఎనిమిది. బక్కయ్య నడుముకు కట్టుకున్న సంచీలోంచి ప్లాస్టిక్ కవరు చుట్టిన నోట్‌బుక్కు తీసి నా ముందు పెట్టాడు.

"గిది కుదువ పెట్టిపోత. పైకి పోయి కట్నం రాయించి ఒస్త. ఒచ్చినంక నన్నేం జేస్తరో జేసుకోండ్రి."

పాత నోట్‌బుక్కు కుదువ పెట్టుకుని కస్టమర్ని వదిలేసిన క్యాషియర్ హైదరాబాదులో ఎక్కడా ఉండడు. వద్దని చెప్పడానికే దాన్ని తెరిచాను. అరుణమ్మ, యాభై ఒకటి, స్టీలు బకెట్టు. ఎర్రపెన్నుతో కొట్టేసి పక్కన 'బకెట్టు ఇచ్చిన' అని ఉంది. రామస్వామి, నూట పదహారు. కొట్టేసి 'దినాలకు పోయిన' అని ఉంది. పేజీ తర్వాత పేజీ ఎర్రగా ఉంది. నేను ఊరొదిలి వచ్చాక ఎవరి పెళ్ళికీ వెళ్ళలేదు. యాభై రెండేళ్ళ బ్రహ్మచారిని, నన్నెవరు పిలుస్తారు? ఆ పేజీలు చూస్తే నాకు అసూయ కలిగింది. నిజమే చెబుతున్నాను.

"తిరుపతీ, ఆయన్ని పైకి తీసుకెళ్ళు. పరిగెత్తు," అన్నాను. ప్రేమ్ కుమార్ నన్ను వింతగా చూశాడు.

పైన జరిగింది తిరుపతి చెప్పాడు. లిఫ్టు నిండా హాలువాళ్ళ కుర్చీలు. బక్కయ్య మోకాళ్ళు మొదటి అంతస్తులోనే మొండికేశాయి. తిరుపతి ఆయన్ను వీపు మీద ఎక్కించుకున్నాడు. నలభై ఏళ్ళు మూటలు మోసినవాడు కదా, పైన కూర్చుని సలహాలు ఇచ్చాడట. "నడుము వంచకు బిడ్డా. మోకాలు మీద బరువెయ్యకు. ఊపిరి ఇడుస్త ఎక్కు." రెండూ యాభై ఆరుకు హాలు చేరారు. కట్నాలు రాసేవాడు పెన్ను మూత పెడుతున్నాడు.

సుందరయ్య ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "తిన్నవా?"

బక్కయ్యకు అబద్ధం రాదు. "తిన్న. కింద హోటల్ల."

"హోటల్ల తినుడేంది? నా బిడ్డ పెండ్లిల మెతుకు ముట్టకుంట కట్నం రాస్తవా? తీస్కపో నీ కవరు."

ఇంకేముంది, నాటుకోడి, బిర్యానీ, చేప మీద బక్కయ్య మళ్ళీ కూర్చుని మటన్, పప్పు, పెరుగన్నం తిన్నాడు. రాసేవాడు గడియారం చూసుకుంటూ ఆయన పక్కనే నిలబడ్డాడు. తిరుపతికి కూడా ఆకు వేశారు. తిన్నాక ఊరికే రావడం బాగుండదని తిరుపతి నూటొక్క రూపాయి రాయించి వచ్చాడు.

బక్కయ్య పేరు గట్టిగా చదివారు. సుందరయ్య విన్నాడు. "అయిపాయె కదా బక్కన్నా. ఇగ నా తానికి ఎందుకొస్తవ్," అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడట.

"ఒస్త తియ్," అన్నాడు బక్కయ్య.

మూడుంపావుకు కిందికి వచ్చాడు. నోట్‌బుక్కు అడిగి తీసుకుని, సుందరయ్య పేరు ఎర్రపెన్నుతో కొట్టేసి, "ఇగ చెప్పుండ్రి, ఏం పని చెయ్యాలె?" అన్నాడు. పిండి రుబ్బడానికి మెషిన్లున్నాయి. గిన్నెలు తోమాలంటే నిలబడలేడు. బియ్యం బస్తా దించుతానన్నాడు, వంట మాస్టరు దండం పెట్టి వద్దన్నాడు. అందరం తలా కొంచెం వేసుకుందామని తిరుపతి అన్నాడు. బక్కయ్యకు రోషం వచ్చింది.

"ఉట్టిగ ఎట్ల తీస్కుంట? నా ఇంట్ల కార్యమున్నదా? బిచ్చమెత్తుకునెటోనిలెక్క కొడుతున్ననా?"

ప్రేమ్ కుమార్ ముందుకొచ్చి అడిగాడు. "కాకా, నీ పుట్టినరోజు ఎప్పుడు?"

"ఆధార్ల జనవరి ఒకటి రాసిన్రు."

"అది అందరికి రాస్తరు. అసలుది?"

"నాకేం ఎర్క? మామిడిపండ్లు పండంగ పుట్టిననని మా అవ్వ అంటుండె."

"ఇప్పుడు మీ మార్కెట్ల ఏమొస్తున్నయ్?"

"మామిడికాయనే. ఇయ్యాల నూట ఇరవై లారీలు దిగినయ్," అని చెప్పి, బక్కయ్య ఆగిపోయాడు. ఆయనకు అది అబద్ధంగా తోచలేదు. నాకూ తోచలేదు.

పుట్టినరోజు కస్టమర్‌కు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. లైట్లు ఆర్పి, రంగుల బల్బు తిప్పి, స్పీకర్లో పాట పెట్టి, స్టాఫంతా చప్పట్లు కొడుతూ ఒక పేస్ట్రీ ఉచితంగా ఇస్తాం. అరవై ఐదేళ్ళ మనిషి, పంచెలో, ఎర్రా పచ్చా వెలుగులో, జీవితంలో మొదటిసారి పుట్టినరోజు జరుపుకున్నాడు. పేస్ట్రీ తినే ఖాళీ కడుపులో లేక అందరి నోట్లో తలా కొంచెం పెట్టాడు. నాకూ పెట్టాడు. నాకు స్వీట్లు పడవు, అయినా మింగాను.

ఇక కార్యం జరిగింది కాబట్టి కట్నాలు రాయవచ్చు. నేనే రాశాను, ఆయన పుస్తకంలోనే, కొత్త పేజీలో. ప్రేమ్ కుమార్ ఐదువందలు. వంట మాస్టరు మూడువందలు. తిరుపతి రెండువందలు. సైదులు వంద. మిగతా ఐదుగురు తలా యాభై. ఈ సంగతంతా చూస్తూ ఇంకా లేవని నాలుగో టేబుల్ ముసలావిడ ఐదువందల ఒకటి. ఏడో టేబుల్ కుర్రాళ్ళు అందరూ కలిపి ఒక్కడి పేరు మీద వెయ్యి రాయించారు. బక్కయ్య ప్రతివాడి ఊరు, మండలం, ఇంటి గుర్తులు చెప్పేదాకా వదల్లేదు. కేపీహెచ్‌బీ ఏ మండలమో ఆ కుర్రాడికి తెలియక ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నాడు.

ఆరువందల తొమ్మిది తగ్గింది. నా పేరు రాసుకున్నాను. పట్టాభి, వనస్థలిపురం, ఆరువందల తొమ్మిది. ఓనరు ఫోన్ చేసి కౌంటర్ దగ్గర ఆ గుంపేంటని అడిగాడు. బర్త్‌డే పార్టీ సార్ అని చెప్పాను.

బక్కయ్య ఆ పన్నెండు పేర్లకు ఒక పద్ధతిగా అప్పు తీర్చడం మొదలుపెట్టాడు. తిరుపతి కూతురి చెవులు కుట్టించినప్పుడు వచ్చాడు. సైదులు ఇంట్లో పాలు పొంగించినప్పుడు వచ్చాడు. ప్రేమ్ కుమార్ చెల్లెలి పెళ్ళిలో, ఏడో టేబుల్ కుర్రాడి ఎంగేజ్‌మెంట్‌లో రాయించాడు. నాలుగో టేబుల్ ముసలావిడ పోయింది. దినాలకు ఉప్పల్ వెళ్ళి ఐదువందల యాభై ఒకటి రాయించి, మీ అమ్మ ఆ రోజు లెగ్ పీసు ఇష్టంగా తిన్నదని కొడుకుతో చెప్పాడట. వెళ్ళేముందూ వచ్చాకా నా దగ్గరికి వచ్చి చెప్పేవాడు. ఎర్రగీతలు పడుతూ పడుతూ ఆఖరికి నా పేరొక్కటే మిగిలింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం మూడింటికి, గిరాకీ తగ్గాక, బక్కయ్య బాటసింగారం నుంచి బస్సెక్కి వస్తాడు. కౌంటర్ పక్క స్టూలు మీద కూర్చుంటాడు.

"ఏంది సారూ, ఫంక్షన్ ఎప్పుడు?"

"ఏం ఫంక్షనండీ? పెళ్ళా పెటాకులా నాకు?"

"ఇల్లు మారరాదు? పాలు పొంగిద్దువు."

"అద్దె గదికి పాలేంటి?"

"బండి కొను. నిమ్మకాయలు నేను తెస్త."

నాకు ఒళ్ళు మండుతుంది, తిడతాను. ఆయన నా బీపీ అడుగుతాడు, రాత్రి ఏం వండుకున్నావంటాడు, గోంగూర పచ్చడి తెచ్చి పెడతాడు. నేను పదమూడేళ్ళు కూర్చున్న చోట, ఎంతయిందని తప్ప ఇంకో మాట అడిగిన మనిషి ఆయన తప్ప లేడు.

మొన్న వేసవిలో ఒకసారి మాటల్లో అడిగాను, సుందరయ్య ఎలా ఉన్నాడని.

"ఏమో సారూ. బ్లెస్సీ పెండ్లయినంక అటు దిక్కు పోలే. పని పడలే," అన్నాడు.

మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం భయం వేసింది. ఆ వారమే తిరుపతి నాకు షష్టిపూర్తి ముందే చేద్దామని స్టాఫంతా కలిసి అనుకుంటున్నట్టు చెబితే, వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఎందుకు తిట్టానో వాడికి అర్థం కాలేదు.

పోయిన ఆదివారం బక్కయ్య దగ్గుతూ వచ్చాడు. మనిషి బాగా చిక్కాడు. దవాఖానలో ఏవో పరీక్షలు రాశారట. చొక్కాలోంచి కవరు తీసి కౌంటర్ మీద పెట్టాడు. పైన నా పేరు రాసి ఉంది, రూపాయి బిళ్ళ అతికించి ఉంది.

"ఏడువందలున్నయ్ సారూ. నీ ఫంక్షన్ ఎప్పుడైతదో, నేనుంటనో లేనో. గిది నీ గల్లల పెట్టుకో. కార్యమైననాడు నువ్వే రాసుకో. నాకు నిమ్మళమైతది."

కవరు కేసి చూశాను. గల్లాపెట్టె తెరిచే ఉంది.

"కుదరదండీ. కౌంటర్లో బయటివాళ్ళ డబ్బు పెడితే మా ఓనరు ఒప్పుకోడు. రూలు," అన్నాను. అలాంటి రూలు మాకు లేదు. "పైగా కార్యం లేకుండా కట్నం ఎలా తీసుకుంటాను? మీరే కదా చెప్పారు."

 బక్కయ్య నిజమేనని తలూపి, కవరును మళ్ళీ చొక్కాలో పెట్టుకున్నాడు.

"అయితె ఒచ్చే ఐతారం ఒస్త. జల్ది ఏదన్న చెయ్యి సారూ."

"చూద్దాం. ముందు ఆ పరీక్షలు చేయించుకోండి. రిపోర్టులు పట్టుకుని రండి," అన్నాను. టీ తెప్పించాను. ఆ టీ బిల్లు నా పేరు మీద రాసుకున్నాను.